పాడ్‌కాస్ట్‌లు విని, బ్లాగులు చదివి నిజంగా మెడిసిన్ వస్తుందా?

పీజీ_రెండో_ఏడాది
జనరల్ మెడిసిన్ సెకండ్ ఇయర్. రూమ్ నుంచి హాస్పిటల్‌కి బస్సులో 40 నిమిషాలు, తిరిగి రావడానికి ఇంకో 40. ఏడాదిగా ఆ టైమంతా పాడ్‌కాస్ట్‌లకే ఇచ్చాను. ద కర్బ్‌సైడర్స్ చాలా భాగం విన్నాను, క్లినికల్ ప్రాబ్లమ్ సాల్వర్స్ కొన్ని. వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది.
మొన్న రౌండ్స్‌లో సోడియం 112 ఉన్న పెద్దాయన. హైపోనేట్రీమియా, అంటే రక్తంలో సోడియం తగ్గిపోవడం, దాని మీద మూడు ఎపిసోడ్లు విన్నాను, అందులో ఒకటి రెండుసార్లు. సార్ ఒక్కటే అడిగారు, "24 గంటల్లో ఎంతవరకు పెంచొచ్చు, ఎందుకు?" అని. నోరు పెగల్లేదు. ఆ మాట చెప్పిన మనిషి గొంతు గుర్తుంది, మధ్యలో వేసిన జోక్ కూడా గుర్తుంది, అంకె మాత్రం రాలేదు. వెనక నిలబడ్డ ఫస్ట్ ఇయర్ చెప్పేసింది. సార్ తిట్టలేదు. "చెవులతో చదివితే ఇంతే" అని పక్క బెడ్‌కి వెళ్లిపోయారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.
ఏడాది వృథా చేసుకున్నానా? మీరెలా వాడుతున్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి.

కర్నూలు_కాఫీ
ముందు జవాబు ఇక్కడ రాయండి. అది రాకుండా చర్చ వద్దు.

పీజీ_రెండో_ఏడాది
ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. హైరిస్క్ వాళ్లలో 24 గంటల్లో సోడియం పెరుగుదల 8 దాటకూడదు. దాటితే ఆస్మోటిక్ డీమైలినేషన్ భయం, అంటే మెదడులో నరాల పైపొర దెబ్బతినడం. పొటాషియం తక్కువున్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, తిండి సరిగ్గా లేనివాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు హైరిస్క్. మా పెద్దాయనకు ఇందులో రెండున్నాయి.

రాత్రి_డ్యూటీ
వృథా కాదు తమ్ముడూ. కాకపోతే విన్నది వేరు, వచ్చింది వేరు. 2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజీవాళ్లు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పేరా మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి మూసేసి గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందు. వారం తర్వాత పెడితే మూసేసి రాసినవాళ్లు ముందు. నువ్వు ఏడాదిగా మొదటి గుంపులో ఉన్నావు, అంతే.
నేను చేసేది చెప్తా. గేటు దగ్గర బస్సు దిగగానే ఇయర్‌ఫోన్స్ జేబులో. అక్కడి నుంచి వార్డు దాకా నాలుగు నిమిషాల నడక. ఆ నాలుగు నిమిషాల్లో విన్నదాంట్లోంచి మూడు సంగతులు పైకే చెప్పుకుంటా. రానిదాన్ని పాత ఓపీ చీటీ వెనక రాసి కోటు జేబులో పెట్టుకుంటా. ఆ చీటీ రాత్రి పడుకునేలోపు ఖాళీ కావాలి.

గుంటూరు_గైనిక్
పైకే చెప్పుకుంటూ నడుస్తుంటే సెక్యూరిటీవాళ్లు ఏమీ అనట్లేదా అన్నా 😀

రాత్రి_డ్యూటీ
మొదట్లో చూసేవాళ్లు. ఇప్పుడు ఫోన్ మాట్లాడుతున్నానని అనుకుంటున్నారు.

ఆర్థో_అవినాష్
బస్సులో వింటే బుర్రకెక్కదు అనేవాళ్లకు ఒక మాట. అమెరికాలో ఎమర్జెన్సీ రెసిడెంట్లకు కారు నడుపుతూ ఒకసారి, ఊరికే కూర్చుని ఒకసారి పాడ్‌కాస్ట్ వినిపించి పరీక్ష పెట్టి చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు.
కానీ అది అక్కడి రోడ్ల మాట. దయచేసి బైక్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి. వెనక లారీ హారన్ వినిపించక వచ్చిన కేసులు మా క్యాజువాల్టీలో చూస్తున్నాను. మొన్న వచ్చినవాడు నర్సింగ్ విద్యార్థి, 20 ఏళ్లు.

పాత_బ్లాక్‌బోర్డు
నేను 30 ఏళ్లుగా మెడిసిన్ చెబుతున్నాను. ఆ సార్ స్థానంలో నేనున్నా దాదాపు అదే అనేవాణ్ణేమో. కారణం చెబుతాను. ఆ పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్లు వినేవాళ్లకు పునాది ఉందనుకుని మాట్లాడతారు. సీరం ఆస్మొలాలిటీ ఎందుకు చూడాలి, యూరిన్ సోడియం ఏం చెబుతుంది, ఏడీహెచ్ హార్మోన్ ఎక్కడ పని చేస్తుంది, ఇవన్నీ టెక్స్ట్‌బుక్ ముందేసుకుని పెన్సిల్‌తో గీసుకుంటేనే వస్తాయి. మా పిల్లలు అది వదిలేసి నేరుగా ఎపిసోడ్‌లోకి దూకుతున్నారు.
అలాగని వద్దనడం లేదు. మా రోజుల్లో జర్నల్ సంచిక కాలేజీ లైబ్రరీకి చేరేసరికి నెలలు గడిచేవి. అది కూడా హెచ్‌ఓడీ గారి టేబుల్ మీద ఇంకో నెల ఉండేది. మీకు నిన్న అచ్చయిన పేపర్ మీద ఇవాళ చర్చ వినిపిస్తోంది. అది చిన్న సంగతి కాదు.

మాంచెస్టర్_మావయ్య
బ్లాక్‌బోర్డు సార్ చెప్పిన ఆ ఆలస్యం నుంచే ఇదంతా పుట్టింది. నేను ఇక్కడ ఎమర్జెన్సీలో పని చేస్తాను. 2012లో డబ్లిన్‌లో అంతర్జాతీయ ఎమర్జెన్సీ మెడిసిన్ సదస్సు జరిగినప్పుడు, ఒక పబ్‌లో కూర్చుని ఆస్ట్రేలియా డాక్టర్ మైక్ కడోగన్ దీనికి 'ఫోమ్' అని పేరు పెట్టాడు. ఉచితంగా, ఎవరైనా వాడుకునేలా తెరిచి ఉంచిన వైద్య విద్య అని అర్థం. పేరు అప్పుడొచ్చిందిగానీ పని అంతకుముందే మొదలైంది. ఆయనవాళ్ల 'లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్' బ్లాగు, స్కాట్ వైన్‌గార్ట్ 'ఈఎమ్‌క్రిట్' పాడ్‌కాస్ట్, మిషెల్ లిన్ 'ఏలియం' బ్లాగు, అన్నీ అప్పటికే నడుస్తున్నాయి. మా ఊరిదే 'సెయింట్ ఎమ్లిన్స్' ఉంది.
ఇక్కడ పాడ్‌కాస్ట్ విన్న గంటను చదువు కింద లెక్కలో రాసుకోవచ్చు. కానీ విన్నాను అని రాస్తే సరిపోదు. దాని వల్ల నీ పనిలో ఏం మారింది అని మా సూపర్‌వైజర్ తప్పకుండా అడుగుతుంది. మొదటిసారి అడిగినప్పుడు రాయడానికి నా దగ్గర ఒక్క లైను లేదు.

సింగరేణి_స్టెతస్కోప్
పనిలో ఏం మారింది అంటే నాది ఒకటి చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. రాత్రి 2 దాటాక 50 ఏళ్ల మనిషి, గుండె మీద బండ పెట్టినట్టుంది అంటూ వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది, ఎలక్ట్రోడ్లు నిలవడం లేదు. గాజుగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాం. ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్, అంటే గుండెపోటుకు మామూలుగా వెతికే గుర్తు, లేదు. కానీ వీ2 నుంచి వీ4 దాకా జే పాయింట్ కిందికి దిగి, అక్కడి నుంచి ఎస్‌టీ ఏటవాలుగా పైకెక్కి, నిటారుగా పొడుగాటి టీ వేవ్స్. మెషీన్ మాత్రం ఏదో మామూలు మార్పులని ప్రింట్ చేసింది.
డాక్టర్ స్మిత్ ఈసీజీ బ్లాగు చదివే అలవాటుంది నాకు. డి వింటర్ ప్యాటర్న్, 2008లో నెదర్లాండ్స్ డాక్టర్లు రాసినది, గుండె ముందుభాగానికి రక్తమిచ్చే ఎల్‌ఏడీ ధమని దాని మొదటి భాగంలోనే మూసుకుపోయినప్పుడు వస్తుంది. కార్డియాలజిస్ట్‌కి ఫొటో పంపాను. "ఎస్‌టీ ఎలివేషన్ లేదు కదమ్మా, ట్రోపోనిన్ రక్తపరీక్ష చూద్దాం" అన్నారు. "సార్, ఒక్కసారి వీ3 పెద్దది చేసి చూడండి, డి వింటర్‌లా ఉంది" అన్నాను. అర నిమిషం మాట్లాడలేదు. తర్వాత "108లో వెంటనే పంపు, నేను క్యాథ్ ల్యాబ్‌కి వస్తున్నా" అన్నారు. ఎల్‌ఏడీ నూటికి నూరు శాతం బ్లాక్. ఆ పేషెంట్ తర్వాత నడుచుకుంటూ వచ్చి మా స్టాఫ్‌కి అరటిపళ్లు ఇచ్చి వెళ్లాడు.
ఒక్క పోస్టు చదివితే గుర్తుపట్టేదాన్ని కాదు. ఆ బ్లాగులో అసలు పేషెంట్ల ఈసీజీలు వరసగా చూశాను, జవాబు కిందికి జరిపి చూసేముందు నా జవాబు నేను రాసుకునేదాన్ని.

పీజీ_రెండో_ఏడాది
అక్కా, ఆ చివరి వాక్యం స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

వెంటిలేటర్_వెంకట్
అరటిపళ్ల కథ బాగుంది. ఇప్పుడు ఇంకో కథ కూడా వినండి, ఎందుకంటే ఇది కూడా ఈ బ్లాగులు, పాడ్‌కాస్ట్‌ల వల్లే.
2017లో చెస్ట్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిలో, విటమిన్ సి, థయమిన్, హైడ్రోకార్టిసోన్ కలిపి ఇస్తే మరణాలు 40 శాతం నుంచి 8.5 శాతానికి పడిపోయాయట. ఒకే ఆసుపత్రి, ఈ మందులు మొదలుపెట్టకముందు 47 మంది, పెట్టాక 47 మంది. ర్యాండమైజేషన్, అంటే ఎవరికి మందు ఇవ్వాలో చీటీ తీసినట్టు తేల్చడం, లేదు. కానీ నేను అసలు పేపర్ చదవకముందే దాని మీద పాడ్‌కాస్ట్ విన్నాను. అంత ఉత్సాహంగా చెబుతుంటే పేపర్ తెరవాలనే అనిపించలేదు. మా ఐసీయూలో మొదలుపెట్టాం. స్టోర్‌లో లేకపోతే పేషెంట్ తాలూకువాళ్లు రాత్రిపూట బయటి షాపుల్లో తిరిగి వయల్స్ కొనుక్కొచ్చేవాళ్లు. ఒక ముసలాయన రెండు షాపులు తిరిగి మూడు వయల్స్ తువ్వాల్లో చుట్టుకుని తెచ్చింది ఇప్పటికీ కళ్ల ముందుంది.
2020 జనవరిలో 'విటమిన్స్' అనే పేరుతో ట్రయల్ వచ్చింది, లాభం లేదంది. 2022లో లోవిట్ ట్రయల్. విటమిన్ సి ఇచ్చినవాళ్లలో చనిపోవడం లేదా అవయవాలు కోలుకోకపోవడం 44.5 శాతం, ఇవ్వనివాళ్లలో 38.5. అంటే లాభం లేకపోగా నష్టం.

ఎస్పీఎం_సుధ
అయ్యో.

రాత్రి_డ్యూటీ
వెంకట్ అన్నా, బాధ అర్థమైంది. కానీ ఆ పేపర్ ముందు జర్నల్‌లోనే కదా వచ్చింది? బ్లాగుని ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. ఇది చిన్న స్టడీ, ఆగండి అని అప్పుడే రాసిన బ్లాగులు కూడా ఉన్నాయి.

వెంటిలేటర్_వెంకట్
ఉన్నాయి, ఒప్పుకుంటాను. నేను అవి చదవలేదు. నాకు నచ్చే గొంతు ఏం చెబితే అది నమ్మాను. పాడ్‌కాస్ట్‌తో నా భయం అదే. రోజూ వింటుంటే ఆ మనిషి మనకు తెలిసినవాడే అనిపిస్తుంది. తెలిసినవాడి మాటను ఎవరు చెక్ చేస్తారు?

పాత_బ్లాక్‌బోర్డు
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో నాకు బాగా నచ్చింది ఇది. మరి పిల్లలు దేన్ని నమ్మాలి? ఏదైనా పద్ధతి ఉందా మూర్తీ, మీ దగ్గర?

మాంచెస్టర్_మావయ్య
సార్, గుర్తుపట్టేశారా! 2004లో మీ యూనిట్‌లో హౌస్‌సర్జన్‌ని.
ఉన్నాయి సార్. ఏలియంవాళ్లు బ్లాగు పోస్టులను కొందరు ఫ్యాకల్టీతో మార్కులు వేయించి, పాసైనవాటిని మాత్రమే రెసిడెంట్ల చదువుకి సిఫార్సు చేస్తారు. మెట్రిక్ అని ఇంకో స్కోర్ ఉంది. నేనైతే రాసిందెవరు, ఎప్పుడు రాశారు, దేని ఆధారంగా అన్నారు, డబ్బులెవరిచ్చారు అని చూస్తాను. తేదీ లేని పోస్టును అసలు ముట్టను. డోసు ఎప్పుడూ పాడ్‌కాస్ట్‌లో విని రాయను. 15, 50 ఇంగ్లిష్‌లో వినడానికి ఒకేలా ఉంటాయి సార్, డోసుతో కత్తి మీద సాము చేయలేం.

పీహెచ్‌సీ_పద్మ
మీరంతా పెద్దాసుపత్రులవాళ్లు. నా గొడవ వేరు. మా పీహెచ్‌సీకి వానాకాలంలో పాము కాట్లు. నేను పాముకాటు మీద దొరికిన ఇంగ్లిష్ పాడ్‌కాస్ట్‌లన్నీ విన్నాను. అన్నీ అమెరికాలో ఉండే ర్యాటిల్‌స్నేక్ గురించి, వాళ్ల మందు గురించి. ఇక్కడ మనకున్నది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసిన ఒకే పాలీవాలెంట్ ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరిస్తే నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేసి పంపేస్తే అంతే సంగతులు. ఇది చెప్పే పాడ్‌కాస్ట్ నాకు దొరకలేదు.
ఒక సంగతి చెప్తాను, ఎక్కడ జరిగిందో అడగొద్దు. కొత్త హౌస్‌సర్జన్ అమ్మాయి, రాత్రి పాముకాటు కేసు. విషం రక్తాన్ని గడ్డకట్టకుండా చేసిందేమో చూసే 20 నిమిషాల క్లాటింగ్ టెస్ట్ చేయమన్నారు. రెండు ఎంఎల్ రక్తం తీసి, చేతికందిన ఊదారంగు మూత వయల్‌లో పోసింది. 20 నిమిషాలైంది, వంచి చూసింది, గడ్డకట్టలేదు. గడ్డకట్టనివ్వని ఈడీటీఏ రసాయనం ఉన్నదాంట్లో రక్తం 20 గంటలైనా గడ్డకట్టదు కదా! పది వయల్స్ ఏఎస్‌వీ ఎక్కించారు, రియాక్షన్ వచ్చి అడ్రినలిన్ ఇవ్వాల్సి వచ్చింది. పేషెంట్ బతికాడు. ఆ అమ్మాయిని అందరూ తిట్టారు. కానీ మామూలు గాజు టెస్ట్ ట్యూబే వాడాలని, అది పొడిగా ఉండాలని, సబ్బుపొడితో కడిగింది పనికిరాదని, 20 నిమిషాలూ దాన్ని కదపకూడదని ఆమెకు చేతిలో పెట్టి చూపించింది ఎవరు? ఎవరూ లేరు.

గుంటూరు_గైనిక్
పద్మ మేడమ్, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇంటర్న్‌షిప్‌లో నేను కూడా ఏ ట్యూబ్ అని అడగకుండా చేశాను. అదృష్టం కొద్దీ ప్లెయిన్‌ది దొరికింది.

ఎస్పీఎం_సుధ
గడ్డిమందు కూడా ఇంతే. పారాక్వాట్ తాగొచ్చినవాళ్లకు అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. మన క్యాజువాల్టీల్లో ఎవరొచ్చినా ముందు మాస్క్ తగిలిస్తారు. మన పొలాల్లో వాడే మందుల గురించి వేరే దేశంవాళ్లు మనకెందుకు చెప్తారు? మనమే చెప్పుకోవాలి.

నల్లగొండ_హౌస్‌సర్జన్
మనవాళ్లు చేస్తున్నది ఒకటుంది. నార్కట్‌పల్లి కామినేని మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ విద్యార్థులు తాము చూసిన కేసుల్ని ఈ-లాగ్ అని బ్లాగులో రాస్తారు. పేషెంట్ అనుమతి తీసుకుని, పేరూ ఊరూ తీసేసి, హిస్టరీ, పరీక్షలు, రోజువారీ మార్పులు. టీచర్లూ తోటివాళ్లూ దాని మీద చర్చిస్తారు. నా ఫ్రెండ్ అక్కడే చదివింది. "రాయడం మొదలుపెట్టాకే నేను హిస్టరీలో ఎన్ని అడగలేదో తెలిసింది, మళ్లీ బెడ్ దగ్గరికి వెళ్లేదాన్ని" అనేది.

పాత_బ్లాక్‌బోర్డు
మళ్లీ బెడ్ దగ్గరికి పంపించిందంటే అది మంచి బ్లాగే.

రికార్డ్స్_రూమ్
పేరు తీసేస్తే సరిపోతుందని అనుకోకండి. నేను మెడికల్ రికార్డ్స్‌లో పని చేస్తాను. ఒక విద్యార్థి ఎక్కడో పెట్టిన ఎక్స్‌రే ఫొటో చూశాను. ముఖం లేదు, కేస్ షీట్ లేదు. ఫిల్మ్ మూలన తెల్లక్షరాల్లో పేరు, వయసు, ఐపీ నంబర్ అన్నీ ఉన్నాయి. ఇంకోసారి కాటు పడిన చెయ్యి ఫొటో. పేరు ఎక్కడా లేదు, కానీ మోచేతి కింద భర్త పేరు పచ్చబొట్టు! ఆ ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు. ఫొటో పెట్టేముందు నాలుగు మూలలూ, చర్మం మీద గుర్తులూ చూడండి. నోటిమాటగా సరే అన్నారని పెట్టేయకండి, సంతకం తీసుకోండి.

నల్లగొండ_హౌస్‌సర్జన్
పచ్చబొట్టు సంగతి నాకు తట్టనే లేదు మేడమ్. ఇప్పుడే నా ఫోన్ గ్యాలరీ తెరిచాను. రెండు ఫొటోలు తీసేశాను.

తిరిగొచ్చిన_డాక్టర్
నేను బయటి దేశంలో ఎంబీబీఎస్ చేసి వచ్చాను. అలా చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈకి 300కి 150 రావాలి. దానికి పాడ్‌కాస్ట్‌లు, బ్లాగులు ఏమీ ఉపయోగపడలేదు, నిజం చెప్తున్నా. ప్రశ్నలు చేయడం, తప్పులు చూసుకోవడం, అంతే. పరీక్ష టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి ఎపిసోడ్లు మొదలుపెట్టకండి. పాసయ్యి ఇంటర్న్‌షిప్‌లో చేరాక మాత్రం ఈసీజీలు నేర్పింది లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేనే.

తెలుగు_మీడియం
పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాకు ఇప్పటికీ పాడ్‌కాస్ట్‌లవాళ్ల ఇంగ్లిష్ యాస సగం అర్థం కాదు. మా బ్యాచ్‌లో వాళ్లు 1.5 స్పీడ్‌లో వింటామంటుంటే నేను ఒక్క ముక్క మాట్లాడను. వెనక్కి జరుపుకుంటూ వింటే 40 నిమిషాల ఎపిసోడ్ నాకు గంటన్నర.

మాంచెస్టర్_మావయ్య
తమ్ముడూ, ఇక్కడికొచ్చిన మొదటి ఆర్నెల్లు స్కాట్లాండ్ పేషెంట్లు ఏమంటున్నారో నాకూ అర్థం కాలేదు. కర్బ్‌సైడర్స్‌వాళ్లు ప్రతి ఎపిసోడ్‌కీ షో నోట్స్ పెడతారు. ముందు అవి చదివి తర్వాత విను. సగం పదాలు ముందే తెలిసి ఉంటాయి.

స్టాఫ్_నర్స్_సరోజ
ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, నేను డాక్టర్‌ని కాదు. పాముకాటు వచ్చినప్పుడు ఆ ట్యూబ్ వెతికేది మేమే. పురుగుమందు తాగొచ్చినవాళ్లకు అట్రోపిన్ డోసు ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేయమంటే ఆంపూల్స్ పగలగొట్టేది మేమే, ఛాతీలో గురగుర తగ్గిందా అని డ్యూటీ డాక్టర్‌కి చెప్పేది మేమే. మాకు తెలుగులో చెప్పేవాళ్లు లేరు. డ్యూటీకి వెళ్తూ ఆటోలో వినేలా ఎవరైనా చేస్తే ఎంత బాగుంటుందో.

పీహెచ్‌సీ_పద్మ
సరోజ గారూ, మీరే ముందు రాయాల్సింది. మొదటి ఎపిసోడ్ 20 నిమిషాల టెస్ట్ మీదే చేద్దాం. ఎనిమిది నిమిషాలు మించొద్దు. నేను రాసిస్తాను. బ్లాక్‌బోర్డు సార్ చూసి సరే అంటేనే బయటికి.

పాత_బ్లాక్‌బోర్డు
చూస్తాను. ప్రతి ఎపిసోడ్‌లో మొదటి మాట రికార్డ్ చేసిన తేదీ కావాలి. పద్ధతి మారినరోజు పాతది తీసేయాలి. దానికి ఒప్పుకుంటేనే.

వెంటిలేటర్_వెంకట్
తీసేయడమే కాదు సార్, ఎందుకు తీసేశామో కొత్త ఎపిసోడ్‌లో చెప్పాలి. ఆ పని నాకివ్వండి.

పీజీ_రెండో_ఏడాది
నా గొంతు పర్వాలేదంటారు, నేను చదువుతాను.

పీజీ_రెండో_ఏడాది
నాలుగు రోజుల తర్వాత వచ్చాను. పద్మ మేడమ్ రాసింది, సార్ రెండు చోట్ల దిద్దింది చదివి రికార్డ్ చేశాను. 7 నిమిషాలు. అందరికీ పంపాను. ఒక అనుమానం, 'గాజు గొట్టం' అని చదివాను. టెస్ట్ ట్యూబ్ అనాలా?

స్టాఫ్_నర్స్_సరోజ
టెస్ట్ ట్యూబ్ అనే అనండి సార్. గాజు గొట్టం అని అడిగితే స్టోర్‌లో ఇవ్వరు. ఇంకోటి, నాలుగో నిమిషంలో 'కదపకుండా' అన్న మాట ఫ్యాన్ సౌండ్‌లో వినపడలేదు. రెండుసార్లు వెనక్కి జరిపి విన్నాను. ఫ్యాన్ ఆపి అదొక్కటీ మళ్లీ చదవండి.

పీజీ_రెండో_ఏడాది
ఆపాను. మళ్లీ చదువుతున్నాను.